నేత్రవ్యాధుల నిర్ధారణలో ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ: పరిణామం, ప్రయోజనం, పరిమితులు

వ్యాస సంగ్రహం: కంటిని తాకకుండానే రెటీనా పొరలను అడ్డుకోతగా చూపే పరీక్ష ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ. దీనినే క్లుప్తంగా ఓసీటీ అంటారు. ఈ పరీక్ష పనిచేసే సూత్రాన్ని, దాని పరిణామాన్ని వివరించి, ఫలితాలను అర్థం చేసుకోవలసిన తీరును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఓసీటీ, రెటీనా, వ్యతికరణం, గ్లకోమా, మాక్యులా.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట నీటికాసులుగా వ్యవహరించే గ్లకోమాలో ఒకసారి నశించిన నాడీతంతువులు తిరిగి రావు. చాలామందిలో నొప్పి ఉండదు. చూపు క్రమంగా అంచుల నుండి తగ్గుతుంది కనుక రోగి దానిని చాలాకాలం గుర్తించలేడు. గుర్తించేసరికి తీరని నష్టం జరిగిపోయి ఉంటుంది. కాబట్టి అంతకుముందే కణజాలంలోని మార్పును వైద్యుడు చూడగలగాలి. ఓసీటీ ప్రాముఖ్యం ఇక్కడే ఉంది.

2. పనిచేసే సూత్రం

అతిధ్వని పరీక్షలో ధ్వని తిరిగివచ్చే కాలాన్ని బట్టి లోతును లెక్కిస్తారు. ఓసీటీలో ధ్వనికి బదులు పరారుణ కాంతిని వాడతారు. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, పొరల మధ్య కాలభేదాన్ని ఎలక్ట్రానిక్ పరికరాలు నేరుగా కొలవలేవు. అందువల్ల కాంతిని రెండుగా చీల్చి ఒక భాగాన్ని కంటిలోకి, మరొక భాగాన్ని అద్దంపైకి పంపుతారు. రెండూ నడిచిన దూరాలు దాదాపు సమానమైనప్పుడే వ్యతికరణం స్పష్టంగా ఏర్పడుతుంది. ఇందుకోసం సంబద్ధత దైర్ఘ్యం తక్కువగా ఉన్న కాంతిని ఎంచుకుంటారు. ఆ దైర్ఘ్యం ఎంత తక్కువైతే పొరలు అంత విడివిడిగా కనిపిస్తాయి.

3. పరిణామం

డేవిడ్ హువాంగ్, ఎరిక్ స్వాన్సన్, జేమ్స్ ఫుజిమోటో తదితరులు 1991లో ‘సైన్స్’ పత్రికలో ఈ పద్ధతిని ప్రకటించారు. తొలితరం పరికరాలలో అద్దాన్ని కదిలిస్తూ ఒక్కొక్క లోతును వరుసగా నమోదు చేసేవారు. సెకనుకు సుమారు 400 లోతు రేఖలే లభించేవి. ఈలోగా కన్ను కదిలితే చిత్రం చెదిరేది. తరువాత వచ్చిన స్పెక్ట్రల్ డొమైన్ పద్ధతిలో అద్దం కదలదు. తిరిగివచ్చిన కాంతిని తరంగదైర్ఘ్యాలుగా విడదీసి, గణితం ద్వారా అన్ని లోతులనూ ఒకేసారి రాబడతారు. దీనితో వేగం సెకనుకు 20 వేల రేఖలు దాటింది. సుమారు 10 మైక్రోమీటర్లుగా ఉన్న పృథక్కరణ 5 మైక్రోమీటర్లకు చేరింది. తరంగదైర్ఘ్యాన్ని వేగంగా మార్చే లేజరుతో పనిచేసే స్వెప్ట్ సోర్స్ పద్ధతి రెటీనా వెనుకనున్న కోరాయిడ్ పొరను కూడా స్పష్టంగా చూపుతుంది.

ఓసీటీ యాంజియోగ్రఫీ మరొక ముందడుగు. ఒకేచోట పదేపదే తీసిన చిత్రాలను పోల్చి, రక్తకణాల కదలిక వల్ల కలిగే తేడాతో రక్తనాళాల పటాన్ని రూపొందిస్తారు. ఇందుకు రంగుద్రవాన్ని నరంలోకి ఎక్కించనవసరం లేదు. అయితే నాళాల నుండి ద్రవం కారడాన్ని ఇది నేరుగా చూపలేదు.

4. ప్రయోజనం

మధుమేహం వల్ల మాక్యులాలో ద్రవం చేరినప్పుడు వాపును ఓసీటీ మైక్రోమీటర్లలో కొలుస్తుంది. కంటిలోకి ఇచ్చిన ఇంజెక్షన్ ఫలించిందా, మరొకటి అవసరమా అనే నిర్ణయానికి ఈ కొలత ఆధారమవుతుంది. గ్లకోమాలో నాడీతంతువుల పొర పలచబడటాన్ని, అనేక సందర్భాలలో దృష్టిక్షేత్ర పరీక్షలో లోపం కనబడకముందే గుర్తించవచ్చు.

5. పరిమితులు

నివేదికలోని ఎరుపు రంగు వ్యాధికి పర్యాయపదం కాదు. అదే వయసు గల ఆరోగ్యవంతుల కొలతలతో పోలిస్తే ఆ మందం అరుదైనదని మాత్రమే దాని అర్థం. హ్రస్వదృష్టి తీవ్రంగా ఉన్నవారిలో గ్లకోమా లేకున్నా ఎరుపు కనిపించవచ్చు. సహజంగా మందమైన పొర గలవారిలో నష్టం మొదలైనా ఆకుపచ్చ రంగే ఉండవచ్చు. శుక్లాలు ముదిరితే చిత్రం మసకబారుతుంది. గ్లకోమా బాగా ముదిరిన దశలో పొర మందం ఒక స్థాయికి చేరి ఆగిపోతుంది; అప్పుడు దృష్టిక్షేత్ర పరీక్షే ప్రధానాధారం.

6. ముగింపు

ఒక్క కొలత కంటే కాలక్రమంలో వచ్చిన మార్పు విలువైనది. వేర్వేరు సంస్థల పరికరాలు పొరల హద్దులను వేర్వేరుగా నిర్ణయిస్తాయి కనుక వాటి అంకెలను నేరుగా పోల్చరాదు. అందువల్ల వీలైనంతవరకు ఒకే రకం పరికరంపై పరీక్షలు చేయించుకోవడం, పాత నివేదికలను భద్రపరచడం అవసరం. పరికరం అందించేది కొలత. రోగి వయసు, కంటి ఒత్తిడి, దృష్టిక్షేత్రాలతో కలిపి దానిని అన్వయించినప్పుడే రోగనిర్ధారణ పూర్తవుతుంది.