కేసులు పెరిగితే నేరాలు పెరిగినట్టేనా?

మార్కాపురం, కనిగిరి వైపు చాలా ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. నీళ్ళు పరీక్ష చేసిన ఊరి పేరే లెక్కలోకి ఎక్కుతుంది. పరీక్ష చేయని ఊరి నీళ్ళు మంచివని చెప్పగలమా?

పిల్లలపై జరిగే నేరాల లెక్క కూడా ఇంతే. 2012లో మన దేశంలో పోలీసులు రాసిన కేసులు 38 వేలు. 2022లో 1 లక్షా 62 వేలు. "అమ్మో, లోకం ఇంత చెడిపోయిందా!" అంటాం. కొంత నిజంగానే పెరిగి ఉండొచ్చు. అంతా అదే కాదు. 2012 నవంబరులో పోక్సో చట్టం వచ్చింది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలంది. అప్పటిదాకా దాచిన మాటలు కాగితం మీదికి వచ్చాయి.

మరి అంతకుముందు ఈ నేరాలు లేవా? కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి, 2007లో ఆ వివరాలు బయటపెట్టింది. ఏదో ఒక రకం లైంగిక వేధింపు జరిగిందని నూటికి 53 మంది చెప్పారు. అందులో సగం పైగా మగపిల్లలే! చాలామంది అంతవరకు ఎవరికీ చెప్పుకోలేదు.

అందుకే అక్కా, కేసు ఒక్కటీ లేని ఊరంటేనే నాకు భయం. పరువు పోతుందని ఎందరు నోరు మూసుకున్నారో! పత్రికల్లో, టీవీలో బిడ్డ పేరు వేయడం నేరం. పిల్లల సాయానికి 1098 నంబరు ఉంది. ఫోను చేస్తే డబ్బులు పడవు. రాత్రయినా పలుకుతారు.