మీకు తెలుసా? ‘వెనక స్పీకర్లు’ వెనక ఉండక్కర్లేదు

5.1 హోమ్ థియేటర్‌లో మనం ‘వెనక స్పీకర్లు’ అని పిలిచే రెండింటి అసలు చోటు వీపు వెనక కాదు, చెవుల పక్కన, కాస్త వెనగ్గా. టీవీ ఉన్న దిక్కును సున్నా డిగ్రీలు అనుకుంటే, డాల్బీ సూచించేది అటూ ఇటూ 110 నుంచి 120 డిగ్రీలు. పక్క గోడ నాలుగు అడుగుల దూరంలో ఉందనుకోండి, 110 డిగ్రీలకు స్పీకర్ చెవికన్నా సుమారు అడుగున్నర వెనక్కి జరిగితే చాలు. సోఫా వెనక కొద్దిపాటి జాగా ఉన్న హాల్లోనూ అది కుదురుతుంది.

నిజంగా తల వెనక, 135 నుంచి 150 డిగ్రీల దగ్గర, మరో జత కావాలనేది 7.1. చిన్న గదిలో దానికి డబ్బు పోయడం దండగే.

పెద్ద పెట్టెలూ అక్కర్లేదు. 80 హెర్ట్జ్‌కు దిగువ శబ్దాన్ని రిసీవర్ సబ్‌వూఫర్‌కు మళ్ళిస్తుంది కాబట్టి, గోడకు బిగించే బుక్‌షెల్ఫ్ స్పీకర్లు సరిపోతాయి. ఒకటి మరీ దగ్గరైందా? శబ్దం అడుగు దూరం వెళ్ళడానికి దాదాపు 0.9 మిల్లీసెకన్లు పడుతుంది. రిసీవర్ దగ్గరి స్పీకర్‌ను ఆ లెక్కన ఆలస్యంగా మోగిస్తుంది. సెట్టింగుల్లో దూరాలు టేపుతో కొలిచి ఇవ్వాలి, అంతే.