తత్త్వశాస్త్రము: అపోహలు – వాస్తవములు

తత్త్వశాస్త్రమను మాట చెవిని బడగానే పెక్కుమందికి కాషాయవస్త్రమో, కొరుకుడుపడని మహాగ్రంథమో స్ఫురించును. ఎవడైన నొక ప్రశ్నను లోతుగా నడిగెనేని ‘ఈ మెట్టవేదాంతము మాకెందుకు’ అని త్రోసిపుచ్చుట మనకు పరిపాటి. వివేకియైన మానవునకు నిత్యావసరమైన యీ విద్యను అపోహలే జనులకు దూరము చేయుచున్నవి గనుక, వానిలో ముఖ్యమైన నాల్గింటిని విచారింతము.

అపోహ: ఇది వార్ధక్యమున, సంసారముపై విరక్తి కలిగిన పిమ్మట చదువవలసిన విద్య.

వాస్తవము: కఠోపనిషత్తున మృత్యుదేవతనే నిలదీసిన నచికేతుడు బాలుడు. స్టోయిక్ తత్త్వవేత్తలలో మార్కస్ ఆరీలియస్ రోమక సామ్రాజ్యము నేలిన చక్రవర్తి. ఎపిక్టెటస్ బానిసగా బుట్టినవాడు. ఎట్లు బ్రదుకుట యుచితమను ప్రశ్న యే వయస్సున, ఏ స్థితిలో పుట్టినను అచటనే తత్త్వచింతన యారంభమగును.

అపోహ: భారతీయ దర్శనములన్నియు నమ్ముమనునే గాని ప్రశ్నింపనీయవు.

వాస్తవము: చార్వాకులు ప్రత్యక్షము నొక్కదానినే ప్రమాణముగా నంగీకరించిరి, మీమాంసకులు వేదమును శిరసావహించియు జగత్కర్తయగు నీశ్వరుని యావశ్యకతను కాదనిరి. 14వ శతాబ్దమున వెలసిన సర్వదర్శనసంగ్రహము తనకు సమ్మతముగాని చార్వాకమతమునకే ప్రథమ ప్రకరణము నొసగినది. ప్రతిపక్షి వాదమును వాడు స్వయముగా పలికినంత బలముగా పూర్వపక్షమున నిలిపి, ఆ పిమ్మటనే సిద్ధాంతమునకు పూనుకొనుట మన శాస్త్రకారుల మర్యాద.

అపోహ: ఇందు తప్పొప్పులు లేవు, ఎవరికి తోచినది వారికి సత్యము.

వాస్తవము: దూరమున కొండపై పొగ కనబడినది. అచట నిప్పున్నదని స్థాపించుటకు నైయాయికుడు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అను 5 అవయవములు గల వాక్యమును కోరును. పొగయున్నచోట నెల్ల నిప్పుండుననుటకు వంటయిల్లు దృష్టాంతము. నిప్పులేని మడుగున పొగయు లేదు. ఇక దీనినే తిరుగవేసి, నిప్పున్నచోట నెల్ల పొగ యుండునందమా? కమ్మరి కొలిమినుండి పటకారుతో వెలికి దీసిన యెఱ్ఱని యినుపముద్ద ఆ మాటను వమ్ము చేయును: అందు నిప్పున్నది, పొగ లేదు. పొగకు నిప్పొక్కటియే చాలదు, పచ్చికట్టెయు వలెనని యప్పుడు తెలియును. చూపునకు కవలలవలె నున్న రెండు వాక్యములలో నొకటి నిలిచినది, రెండవది కూలినది. తోచుటకును తేలుటకును గల యీ యంతరమును పట్టియిచ్చుటయే తర్కము చేయు మహోపకారము.

అపోహ: గ్రంథములను వల్లెవేసి, మహాపండితుల నాశ్రయించిన చాలును, ఈ విద్య తానే యబ్బును.

వాస్తవము: 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము నేటికిని న్యాయశాస్త్రమున తొలిపాఠము, కాశికి పోయినంతమాత్రమున నందఱు నన్నంభట్టులు కాజాలరను లోకోక్తి యాయనను గూర్చియే పుట్టినది. వినుట శ్రవణము మాత్రమే. విన్నదానిని సంశయించి, తర్కించి, తనదిగా చేసికొనుట మననము. ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారుడగు శ్వేతకేతువుచే రాత్రి నీటిలో నుప్పు వేయించి, తెల్లవాఱిన పిదప ఆ యుప్పును తెమ్మనెను, వెదకిన దొరకలేదు. పైనుండి, నడుమనుండి, అడుగునుండి రుచి చూడుమనెను, అంతటను ఉప్పే. ఆ శ్వేతకేతువు 12 ఏండ్లు గురుకులమున వేదములన్నియు నధ్యయనము చేసి వచ్చినవాడు. అయినను ఆ యుదయమున గ్రుక్కెడు నీటిని తన నాలుకతో తానే చవిచూడవలసి వచ్చెను. మనకును వేఱు దారి లేదు.