గ్రూవీలో స్టాటిక్ మెథడ్‌లను ఇంపోర్ట్ చేసి పిలవడం

7.0 లక్ష్యాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
• స్టాటిక్ మెథడ్ అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• దానిని ఇంపోర్ట్ చేసి పిలవగలుగుతారు.
• ఒకే పేరు గల రెండు మెథడ్‌ల వల్ల కలిగే పొరపాటును నివారించగలుగుతారు.

7.1 పరిచయం
గ్రూవీ భాష రూపకల్పనను జేమ్స్ స్ట్రాచన్ 2003లో ప్రారంభించారు. 1.0 వెర్షన్ 2007 జనవరిలో వెలువడింది. ఇది జావా వర్చువల్ మెషీన్‌పై నడుస్తుంది. కనుక జావా క్లాసులను గ్రూవీలో నేరుగా వాడుకోవచ్చు.

ఎకరాలను హెక్టార్లుగా మార్చే లెక్క ధర్మవరం రైతుకైనా, కళ్యాణదుర్గం రైతుకైనా ఒకటే. ఒక వేరుశనగ చేను దిగుబడి మాత్రం ఆ చేనుకే చెందుతుంది. మొదటిది స్టాటిక్ మెథడ్ వంటిది: క్లాసుకు చెందుతుంది, ఆబ్జెక్టు అక్కరలేదు. రెండవ దానికి 'చేను' అనే ఆబ్జెక్టు ఉండి తీరాలి.

7.2 పిలిచే పద్ధతులు
అనంతపురం ప్రాంతపు సాధారణ వార్షిక వర్షపాతం లెక్క కోసం 550 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక ఏడు 500 మి.మీ. కురిసింది. తగ్గిన వాన ఎంత? (కింది వాక్యాలను కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి.)

అ) క్లాసు పేరుతో:
మ్యాథ్.మ్యాక్స్(0, 550 - 500)
ఫలితం 50. వాన ఎక్కువైన ఏడు రుణసంఖ్య రాకుండా 0 కాపాడుతుంది. జావా.లాంగ్ ప్యాకేజీని గ్రూవీ తనంతట తానే ఇంపోర్ట్ చేస్తుంది కనుక ఇక్కడ ఇంపోర్ట్ అవసరం లేదు.

ఆ) స్టాటిక్ ఇంపోర్ట్‌తో:
ఇంపోర్ట్ స్టాటిక్ జావా.లాంగ్.మ్యాథ్.మ్యాక్స్
మ్యాక్స్(0, 550 - 500)
ఇప్పుడు క్లాసు పేరు రాయకుండానే పిలవవచ్చు.

ఇ) మెథడ్ పేరు స్థానంలో నక్షత్రం గుర్తు (*) పెడితే ఆ క్లాసులోని స్టాటిక్ సభ్యులన్నీ అందుబాటులోకి వస్తాయి.

ఈ) మారుపేరుతో:
ఇంపోర్ట్ స్టాటిక్ జావా.లాంగ్.మ్యాథ్.మ్యాక్స్ యాజ్ పెద్దది
'యాజ్' తరువాత మనకు నచ్చిన పేరు ఇవ్వవచ్చు. జావాలో ఈ సౌకర్యం లేదు.

7.3 రెండు జాగ్రత్తలు
మొదటిది: మీరు రాసిన రెండు క్లాసులలోనూ 'లోటు' అనే స్టాటిక్ మెథడ్ ఉందనుకోండి. ఒకటి మిల్లీమీటర్లలో, రెండవది శాతంలో జవాబు ఇస్తుంది. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం సాధారణం కంటే 20 నుంచి 59 శాతం తక్కువ కురిస్తేనే 'లోటు'. మన ఉదాహరణలో తగ్గుదల 50 మి.మీ.; శాతంలో సుమారు 9 మాత్రమే. అంటే వర్షపాతం సాధారణమే. రెండు క్లాసులనూ నక్షత్రంతో ఇంపోర్ట్ చేస్తే ఏ 'లోటు' పిలవబడిందో చదివేవారికి తెలియదు. 50ని 20తో పోల్చితే ప్రోగ్రాం ఏ దోషమూ చూపకుండానే లేని లోటును ప్రకటిస్తుంది. 'లోటు_మిమీ', 'లోటు_శాతం' అని మారుపేర్లు ఇస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

రెండవది: ఇంపోర్ట్ మరచి 'మ్యాక్స్' అని మాత్రమే రాసినా గ్రూవీ స్క్రిప్టు మామూలుగా కంపైల్ అవుతుంది. ఆ వాక్యం నడిచినప్పుడే 'మిస్సింగ్ మెథడ్ ఎక్సెప్షన్' వస్తుంది. ఆ వాక్యం 'లోటు ఉంటే' అనే షరతు లోపల ఉంటే, వానలు బాగున్న ఏళ్లలో ప్రోగ్రాం సవ్యంగా నడిచి, కరువు ఏడు ఆగిపోతుంది. అందుచేత పరీక్షించేటప్పుడు మంచి ఏడు, కరువు ఏడు రెండింటి అంకెలూ ఇచ్చి చూడండి.

7.4 మీ ప్రగతిని సరిచూసుకోండి
1. మ్యాథ్.మ్యాక్స్ పిలవడానికి ఇంపోర్ట్ ఎందుకు అవసరం లేదు?
2. 550 మి.మీ.కి బదులు 385 మి.మీ. కురిస్తే తగ్గుదల ఎన్ని మి.మీ., ఎంత శాతం? ఇది లోటా?

7.5 సారాంశం
స్టాటిక్ మెథడ్ క్లాసుకు చెందుతుంది. దానిని క్లాసు పేరుతో గాని, స్టాటిక్ ఇంపోర్ట్ చేసి నేరుగా గాని పిలవవచ్చు. ఇంపోర్ట్ రాతను తగ్గిస్తుంది. కాని మెథడ్ ఎక్కడిదో చెప్పే క్లాసు పేరునూ తొలగిస్తుంది. అర్థం మరుగున పడుతుందనిపిస్తే మారుపేరు ఇవ్వండి, లేదా క్లాసు పేరునే ఉంచండి.