బండే ఇల్లయిన వాళ్ల రిపేరు విద్య

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న ఇల్లు అమ్మేసి, మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ అమర్చిన బండి కొనుక్కుని ఏడాది పొడవునా రోడ్డు మీదే బతికేవాళ్లున్నారు. ఆ బండిని ఆర్వీ అంటారు. మన దేశంలోనూ ఈ మధ్య టెంపో ట్రావెలర్లను అలా మార్పించుకుని ఊళ్లు తిరిగే కుటుంబాలు కనిపిస్తున్నాయి. మా పుంగనూరు పక్క కుర్రాళ్లకూ ఆ మోజు పట్టుకుంది. "అన్నా, అట్లాంటి బండొకటి చేయించుకుందామనుకుంటాండాం. దావలో నిలబడిపోతే ఏం చేసేది?" అని నన్ను అడుగుతుంటారు. తెల్లారకముందే మదనపల్లె టమోటా మార్కెట్ దగ్గరికెళ్లి అక్కడ వరసగా నిలబడ్డ లారీలను చూసి రమ్మంటాను. బండిలో కాపురమన్నది మనకేం కొత్త కాదు. డ్రైవరూ క్లీనరూ నెలలో ఎక్కువ రాత్రులు నిద్రపోయేది ఆ క్యాబిన్‌లోనే. వంటచెరుకూ వంటపాత్రలూ టూల్ బాక్సు పక్కనే ఉంటాయి. ఉతికిన లుంగీ అద్దం కొక్కానికి ఆరుతుంటుంది.

నాది సోమల. టమోటా బాక్సులు, తోతాపురి కాయలు, చిత్తూరు ఫ్యాక్టరీల మామిడి గుజ్జు డ్రమ్ములు చెన్నైకీ, నాగపూర్‌కీ, ఢిల్లీకీ తోలినవాణ్ని. టమోటా లోడుకు ఒక గుణముంది, అది ఎవరి కోసమూ ఆగదు. ఎండలో ఒకటిన్నర రోజు బండి నిలబడితే కింది బాక్సుల నుంచి రసం కారడం మొదలవుతుంది. 2023 జూలైలో మదనపల్లెలో కిలో వంద రూపాయలు దాటినప్పుడైతే లోడు విలువ ముందు లారీ కిరాయి ఎందుకూ కొరగాలేదు. అలాంటి సరుకు వెనక ఉంటే, నడిరోడ్డు మీద మెకానిక్ కోసం ఫోను పట్టుకుని కూర్చోవడం కుదరదు. అందుకే మా దావ డ్రైవర్లంతా ఎంతో కొంత మెకానిక్కులే.

నన్నడిగితే, బండిలో ఉండేవాడికి ఆ బండి సంగతి తెలిసినంతగా ఏ షెడ్డు మేస్త్రీకీ తెలియదు. మేస్త్రీ దాన్ని చెడినప్పుడే చూస్తాడు. మనం బాగున్నప్పుడూ చూస్తాం. దాని మామూలు చప్పుడు, మామూలు వేడి, మామూలు వాసన మన ఒంటికి పట్టేసి ఉంటాయి. రాత్రి ఇంజను ఆపి పడుకున్నాక చెవి పెట్టి వినండి. ఎక్కడో సన్నగా 'స్స్' మంటుంటే గాలి పైపు వదులైందన్నమాట. సబ్బు నీళ్లు కలిపి జాయింట్ల మీద పోస్తే బుడగలొచ్చే చోటు ఇట్టే తెలిసిపోతుంది. పగలు షెడ్డు గోలలో ఆ చప్పుడు ఎవరికీ వినబడదు.

పొద్దున్నే ఇంజను స్టార్ట్ చేయకముందు బండి చుట్టూ ఒక్క చుట్టు తిరగాలి. ఈ చుట్టు గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం రిపేర్లను ఇదే తప్పిస్తుంది. చేతిలో టామీ రాడ్డు పట్టుకుని ఒక్కో టైరునూ కొడతాం. గాలి నిండిన టైరు మీద రాడ్డు 'ఠంగు'మని ఎగిరి వస్తుంది. గాలి తగ్గిన దాని మీద 'దబ్'మని కూలబడుతుంది. వెనక జోడు టైర్లలో లోపలిదాన్ని తప్పకుండా కొట్టి చూడాలి. అది పంచరైనా బయటిది నిలబడే ఉంటుంది కాబట్టి చూపుకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ రెండింటి బరువూ ఒక్కదాని మీద పడి, వేడెక్కి, ఏ అనంతపురం రోడ్డు మీదో అది పేలిపోతుంది. రెండు టైర్ల మధ్య ఇరుక్కున్న రాళ్లను అక్కడే పీకేయాలి. రాడ్డు దెబ్బతో పూర్తిగా చచ్చిన టైరు తెలుస్తుంది గానీ పది పాయింట్లు తగ్గింది తెలియదు. అందుకని గేజీ కూడా ఉండాలి, అదీ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎండలో నడిచొచ్చిన టైరు గాలి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే మర్నాటికి తక్కువ గాలితో బయల్దేరినట్టే.

ఆ తర్వాత గాలి ట్యాంకులు. ఎయిర్ బ్రేకు బండికి కంప్రెసర్ గాలిని నొక్కేకొద్దీ గాలిలోని తేమ నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. కింద ఉన్న రింగు లాగితే ఆ నీళ్లు బయటికి చిమ్ముతాయి. వానాకాలంలో ఎక్కువగా వస్తాయి. నీళ్లకు బదులు పాలలాగా తెల్లగా, జిడ్డుగా వస్తే కంప్రెసర్ ఆయిలు తోడేస్తోందని అర్థం, షెడ్డుకు వెళ్లే రోజు దగ్గర పడిందన్నమాట. ఎయిర్ డ్రయ్యర్ ఉన్న కొత్త బండ్లలో నీళ్లు తక్కువే. అయినా రింగు లాగి చూసే అలవాటును నేను మానలేదు.

టీకి ఆగినప్పుడల్లా హబ్బుల వేడి చూడాలి. వేలి వెనక భాగాన్ని దగ్గరికి తీసుకెళ్లి ఒక్కొక్కటిగా అన్ని చక్రాల దగ్గరా చూస్తే, ఒక్కోసారి ఒకటి మాత్రం మిగతావాటి కన్నా బాగా కాలుతుంటుంది. ఆ చక్రంలో బ్రేకు పట్టుకునే ఉంది, లేదా బేరింగు గ్రీజు ఆరిపోయింది. అక్కడే ఆగి చూసుకుంటే పోయేది కాసింత గ్రీజు, ఒక పూట. చూడకుండా తోలితే హబ్బు, యాక్సిల్, ఒక్కోసారి చక్రమే పోతుంది. టైరు మార్చినప్పుడు నట్లను ఎదురెదురుగా బిగించాలి. తర్వాత యాభై, వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి పానా వేసి చూడాలి, కొత్తగా బిగించినవి లోడు మీద కొంచెం సర్దుకుంటాయి.

మా పక్క కొత్త బండి కొంటే చౌడేపల్లె దగ్గర బోయకొండ గంగమ్మకో, కాణిపాకం వినాయకుడికో పూజ చేయించాకే లోడెత్తుతారు. ఏటా ఆయుధపూజకు బండిని అడుగు దాకా కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఆ కడగడమంటే నాకు భక్తి. బురద పోయాకే కదా కమాను పట్టాల మీద వెంట్రుక లాంటి పగులు కనిపించేది! తుప్పు రంగు సన్నగీత ఒకటి పట్టాకు అడ్డంగా ఉంటే అది విరగబోతోందని అర్థం. యూ బోల్టు నట్టు దగ్గర కొత్తగా మెరిసిన గుర్తుంటే పట్టాలు కదులుతున్నట్టు. దసరా దాకా ఆగకుండా నెలకోసారైనా అలా కడిగి చూసుకునేవాళ్ల బండి నిలబడటం తక్కువ.

ఇప్పుడు కరెంటు సంగతి. బండిని ఇల్లు చేసుకోవాలనుకునేవాళ్లు ఎక్కువగా చెడగొట్టేది ఇదే. లారీకి 24 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరసగా కలిపితే అది వస్తుంది. ఫ్యాను, చార్జరు, పాటలపెట్టె మాత్రం ఎక్కువగా 12 వోల్టులవే దొరుకుతాయి. దాంతో దారిలో దొరికిన ఎలక్ట్రీషియన్ రెండింటిలో ఒక బ్యాటరీ నుంచే వైరు లాగేస్తాడు. ఫ్యాను హాయిగా తిరుగుతుంది. కానీ రాత్రంతా ఖర్చయ్యేది ఆ ఒక్క బ్యాటరీ, పొద్దున డైనమో చార్జింగ్ ఇచ్చేది రెండింటికీ కలిపి. వాడనిది ఎక్కువ చార్జింగ్‌తో ఉడికి నీళ్లు ఇంకిపోతుంది, వాడింది ఎప్పటికీ నిండదు. కొన్నాళ్లకు జోడీ మొత్తం పోతుంది. 24ను 12గా మార్చే కన్వర్టర్ ఒకటి పెట్టించుకుంటే ఈ బాధే లేదు. టెంపో ట్రావెలర్ లాంటివాటిలో మామూలుగా 12 వోల్టులే ఉంటాయి. అక్కడ చేయాల్సింది వేరు. ఇంటి సామానుకు విడిగా ఒక బ్యాటరీ పెట్టి, ఇంజను ఆగినప్పుడు అది సెల్ఫ్ బ్యాటరీని తోడెయ్యకుండా రెండింటి మధ్య కట్ ఆఫ్ పెట్టాలి.

కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటర్ ఒకటి బండిలో ఉంచుకోండి. బండి ఆగి కొన్ని గంటలైన తర్వాత 12 వోల్టుల బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగానికి వచ్చినట్టు. ఇంజను నడుస్తుండగా 14 దగ్గర చూపిస్తే డైనమో బాగానే ఉంది. సెల్ఫ్ కొడితే 'కటకట' మని ఊరుకుంటే వెంటనే కొత్త బ్యాటరీ కొనేయకండి. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పట్టిన పొరను వేడినీళ్లు పోసి గీకి, బిగించి, పైన వాజలీన్ రాయండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టే అలవాటు మన రోడ్ల మీద ఇంకా ఉంది. దయచేసి ఆ పని చేయకండి. వైరు వేడెక్కితే తెగాల్సిన చోటు ఫ్యూజే. అది తెగకపోతే మంట మనం పడుకున్న పరుపు కింద మొదలవుతుంది.

డీజిల్ అడుగంటినా, ఫిల్టర్ మార్చినా పాత బండ్లలో లైన్లోకి గాలి చేరుతుంది. ఫిల్టర్ పైన ఉండే చిన్న స్క్రూ వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ ఉంటే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి ఒట్టి డీజిల్ వస్తుంది. అప్పుడు బిగించెయ్యాలి. క్లీనర్‌గా చేరిన కుర్రాడికి మేం మొదట నేర్పే పనుల్లో ఇదొకటి. కొత్త కామన్ రైల్ ఇంజన్లలో మాత్రం ఇంజెక్టర్ పైపుల జోలికి పోకూడదు. వాటిలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, సన్నటి డీజిల్ ధార చర్మంలోంచి లోపలికి దూసుకుపోతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 బండ్లు వచ్చాక, పొగను శుభ్రం చేసే యాడ్‌బ్లూ అని చాలా లారీలకు ఇంకో ట్యాంకు చేరింది. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. యూరియానే కదా అని పొలం బస్తాలోంచి కలిపేవాళ్లను చూశాను. మన దేశంలో 2015 నుంచి వ్యవసాయ యూరియా అంతటికీ వేపనూనె పూత ఉంటుంది. ఆ మడ్డి లోపలికి పోతే చెడేది వేల రూపాయల సామాను. రోడ్డు పక్కన మన చేతులు చేయగల రిపేర్లు పాత బండ్లతో పోలిస్తే కొత్తవాటిలో తగ్గిపోయాయి, ఆ మాట నిజం. బోర్డు మీద పసుపు లైటు వెలిగితే దానికి స్కానర్ కావాలి. టైరు, గాలి, గ్రీజు, బ్యాటరీ మాత్రం ఎప్పటిలాగే మన చేతిలోనివి.

ఈ విద్యను నిండుగా చూడాలంటే బోరు బండ్ల దగ్గరికి వెళ్లండి. వేసవిలో మా సోమల, సదుం పక్క రైతులు వెయ్యి అడుగులు దాటి బోర్లు వేయిస్తుంటారు. రిగ్గులు ఎక్కువగా తమిళనాడు తిరుచెంగోడు వైపు నుంచి వస్తాయి. రిగ్గు లారీ ఒకటి, పైపులూ సామానూ మోసే లారీ ఇంకొకటి. కుర్రాళ్లు నెలల తరబడి ఆ రెండు బండ్ల మీదే వండుకుని, వాటి కిందే పడుకుంటారు. వాళ్లతో పాటు వెల్డింగ్ మిషను, గ్రైండరు, విడి హోసులు ఉంటాయి. బిట్టు అరిగితే దాని బటన్లను అక్కడే సానపడతారు. హోసు పగిలితే పొలం గట్టు మీదే మార్చేస్తారు. వాళ్ల దగ్గర నాకు బాగా నచ్చింది సామాను పెట్టే తీరు. ఏ పానా ఏ మూల ఉందో చీకట్లోనైనా చేయి పెట్టి తీయగలరు.

ప్రాణాల మీదికి వచ్చే పనులు కొన్ని ఉన్నాయి. వాటిని ధైర్యం కింద లెక్కేయకండి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి, చెక్క దిమ్మెల దన్ను లేకుండా దూరకూడదు. లాక్ రింగు ఉన్న చక్రానికి గాలి పూర్తిగా తీయకుండా నట్లు విప్పితే ఆ రింగు తలకు తగిలేంత వేగంగా ఎగురుతుంది. వెనక బ్రేకు చాంబర్లలో ఒక పెద్ద స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది, ఆ చాంబరుకు ఉన్న క్లాంపు విప్పే పని షెడ్డు వాళ్లదే. బ్రేకు మీద ఏ కాస్త అనుమానమున్నా భాకరాపేట ఘాటో, మొగిలి ఘాటో దిగడం మొదలుపెట్టొద్దు. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి, న్యూట్రల్ అన్న ఊసే రాకూడదు. చలికాలంలో ఉత్తరాదికి పోయినప్పుడు మూసిన క్యాబిన్‌లో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారి లేవని సంగతులు ఏటా వింటూనే ఉంటాం. గ్యాసు పొయ్యి అయినా సరే, తలుపు తెరిచి వండుకోవాలి, పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయాలి.

వ్యాను మార్పించుకునే వాళ్లకు ఇంకో మాట. ఆర్టీవో అనుమతి లేకుండా బండి రూపం మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. ముందు ఆ కాగితం చూసుకుని, తర్వాత వడ్రంగిని పిలవండి. బండిలోనే బతికే లారీ వాళ్లకూ ఈ మధ్య ఒక మంచి జరిగింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు.

చివరగా మండీల వాళ్లకూ, లోడు పంపే వ్యాపారులకూ నా విన్నపం. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది, డ్రైవరు పనిని రోజుకు ఎనిమిది గంటలకు పరిమితం చేసింది. మా దావలో ఆ ఎనిమిది గంటల లెక్కను పాటించేవాళ్లు తక్కువ. కనీసం లోడు కట్టి తాడు బిగించాక, "ఎందుకప్పా ఆలస్యం, కదులు" అని తరమకండి. బండి చుట్టూ తిరిగి టైర్లు కొట్టి, గాలి ట్యాంకుల నీళ్లు తీసి, ఆయిల్ చూసుకోవడానికి ఆ డ్రైవరుకు అరగంట టైమివ్వండి.