బోరునీటిలో మీనపోషణము

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైదరాబాదులోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతములలో ఆకాశమునంటు గృహసముదాయములు వెలసినవి. ఆ యిండ్ల ముందుగదులలో చేపల తొట్టెలును వెలసినవి. పగలెల్ల కంప్యూటరు తెరయెదుట కన్నులలసిన ఉద్యోగికి, ఇల్లు చేరి తొట్టెలో దీపము వెలిగించి, పచ్చని నీటిమొక్కల నడుమ తిరుగాడు చేపలను తిలకించుటకంటె చల్లని విశ్రాంతి వేరొకటి లేదు. అయితే ఈ వేడుకకు మూలాధారమైన నీరు ఎట్టిదని విచారించువారు అరుదు. అద్దమెంత మందముండవలెనో, ఫిల్టరు ఏ కంపెనీది కొనవలెనో పదిమందిని అడుగుదురు. నీటిలో ఏమి కరగియున్నదో అడుగరు. చేపలు ఒకటొకటిగా చచ్చి తేలినపుడు మాత్రము అమ్మినవానిని నిందింతురు.

దుర్గం చెరువు చుట్టును నేటికిని నిలిచియున్న గుండ్రని బండలు ఈ నేల స్వభావమును చాటుచున్నవి. ఇవి సుమారు 250 కోట్ల సంవత్సరముల ప్రాయముగల గ్రానైటు శిలలు. ఈ శిలయందు నీరు దాని పగుళ్ళలోను, పైన శిథిలమైన పొరలోను మాత్రమే నిలుచును. వాననీరు నేలలోనికింకునపుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, స్వల్పముగా ఆమ్లగుణము పొంది, శిలాఖనిజములను మెల్లమెల్లగా కరగించి, కాల్షియము, మెగ్నీషియము, సోడియములను బైకార్బొనేటులతో కూడ తనలో చేర్చుకొనును. ఇందు కాల్షియ మెగ్నీషియముల పరిమాణమునే కాఠిన్యమందురు. సబ్బు నురుగు రాకుండుట, పప్పు ఎంతకును ఉడకకుండుట, గీజరులో తెల్లని పెచ్చులు కట్టుట, ఇవి ప్రతి గృహిణియు ఎరిగిన గుర్తులే. త్రాగునీటికి 2012నాటి భారత ప్రమాణమును బట్టి లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యము అంగీకారయోగ్యము. వేరు నీరు దొరకనిచోట 600 వరకు అనుమతి కలదు. 1920లో మూసీపై వెలసిన గండిపేట జలాశయమునందలివంటి నీరు చాలవరకు ఉపరితలమునుండి చేరిన వాననీరగుటచే, బోరునీటికంటె సాధారణముగా మెత్తగా నుండును. కాని పెద్ద సముదాయముల సంపులో జలమండలి నీరు, బోరునీరు, ట్యాంకరు నీరు కలసిపోవును గనుక, ఒకే కుళాయినుండి వచ్చు నీరు వర్షాకాలమున ఒకతీరుగను, ఏప్రిల్ మాసమున మరియొకతీరుగను ఉండుట ఆశ్చర్యము కాదు.

ఈ కాఠిన్యమునకు విరుగుడుగా సెల్లారులో సాఫ్ట్‌నర్ ప్లాంటు నెలకొల్పుదురు. సంపు ప్రక్కన నిలువెత్తు సిలిండరు, దానిచెంత ఉప్పునీటి తొట్టె, గోడకానించిన ఉప్పు బస్తాలు: ఇంతియే దాని రూపము. సిలిండరులో ఆవగింజలకంటె సన్నని రెజిన్ పూసలుండును. ఆ పూసలు సోడియమును పట్టుకొనియుండి, కఠినజలము తమమీదుగా పారునపుడు కాల్షియ మెగ్నీషియములను లాగుకొని, వాటికి బదులు సోడియమును నీటిలోనికి విడుచును. పూసలు నిండిపోయినపుడు ఉప్పునీటితో కడిగిన మరల సోడియముతో సిద్ధమగును. ఇక్కడనే మనము జాగరూకులమై గ్రహింపవలసిన విషయమున్నది. ఈ యంత్రము లవణములను తొలగించుట లేదు. ఒకదానికి మారుగా మరియొకదానిని చేర్చుచున్నది. లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యముగల నీటిని పూర్తిగా మెత్తపరచినచో, అదనముగా సుమారు 184 మిల్లీగ్రాముల సోడియము అందు చేరును. కరగిన లవణములను కొలుచు టీడీఎస్ మీటరు పెట్టి చూచిన అంకె తగ్గదు. కొంచెము పెరిగినను పెరుగును. బైకార్బొనేటులు యథాతథముగ నుండుటచే క్షారగుణమును తగ్గదు. స్నానమునకును, బట్టలుతుకు యంత్రమునకును ఇది మేలే. చేపకు మాత్రము ఇది అమెజాన్ నదిలోని మృదుజలము కాదు, కాజాలదు.

చేప దేహధర్మము తెలిసినవారికి ఇందలి చిక్కు స్పష్టమగును. మంచినీటి చేప రక్తము చుట్టునున్న నీటికంటె లవణభరితము. కావున నీరు ఎడతెగక మొప్పలద్వారా దేహములోనికి చొచ్చుచుండును; చేప పలుచని మూత్రముగ దానిని వెడలించుచు, పోయిన లవణములను మొప్పలద్వారానే తిరిగి సంపాదించుకొనుచుండును. నీటిలోని కాల్షియము మొప్పల పొరను బిగువుగానుంచి ఈ నిరంతర శ్రమను తగ్గించును. కాల్షియము తొలగి సోడియము పెరిగిన నీటిలో ఆ రక్షణ సడలును. నత్తల గుల్లలు కరగి తెల్లబడును. మొక్కలు కాల్షియ మెగ్నీషియములకు వాచి లేతాకులు ముడుచుకొనును. కనుక తొట్టెకు సాఫ్ట్‌నర్ నీటికంటె, సాఫ్ట్‌నరుకు ముందున్న పైపునుండి పట్టిన ముడి బోరునీరే అనేక చేపలకు శ్రేయస్కరము.

కఠినజలము శత్రువన్న భావమునే మొదట విడువవలెను. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ వంటి పిల్లలను కను చేపలు కఠినజలములోనే పుష్టిగా పెరుగును. గోల్డ్‌ఫిష్ దానిని సులభముగా సహించును. ఆఫ్రికాలోని మలావి, టాంగన్యీకా సరస్సుల సిక్లిడ్ చేపలకు క్షారగుణముగల నీరే పుట్టినిల్లు. మొక్కలలో వాలిస్‌నేరియా ఇట్టి నీటిలో దట్టముగ అల్లుకొనును. పైగా ఫిల్టరులోని సూక్ష్మజీవులు చేపల మలినమును శుద్ధిచేయునపుడు ఆమ్లము పుట్టును; బోరునీటిలోని బైకార్బొనేటులు దానిని తటస్థపరచి పీహెచ్ హఠాత్తుగా పడిపోకుండ కాపాడును. ఒక్క హెచ్చరిక: క్షారజలములో అమ్మోనియా మరింత విషమగును, అందుచే మేత మితముగ వేయవలెను, తొట్టెలో చేపలను క్రిక్కిరియనీయరాదు.

డిస్కస్, కార్డినల్ టెట్రావంటి అమెజాన్ చేపలపై మనసుపడినవారు నీటిని నిజముగ మెత్తపరచక తప్పదు. అందుకు మార్గములు రెండు. ఒకటి ఆర్‌ఓ యంత్రము. 1960 ప్రాంతమున కాలిఫోర్నియాలో మన భారతీయ శాస్త్రజ్ఞుడు శ్రీనివాస సౌరిరాజన్, సిడ్నీ లోబ్‌తో కలసి రూపొందించిన పొరవలననే ఈ విధానము ఆచరణయోగ్యమైనది. ఇది లవణములను చాలమట్టుకు తొలగించును. అయితే ఒట్టి ఆర్‌ఓ నీరు చేపకు తగదు. అందు పీహెచ్‌ను నిలుపు సత్త్వము లేదు. 400 మిల్లీగ్రాముల కాఠిన్యముగల బోరునీరు ఒక పాలు, ఆర్‌ఓ నీరు మూడు పాళ్ళు కలిపినచో సుమారు 100 మిల్లీగ్రాముల కాఠిన్యముగల నీరు సిద్ధించును. రెండవది వాననీరు. తొలి వానలు మిద్దెపై దుమ్మును కడిగిన తరువాత, పరిశుభ్రమైన మిద్దెనుండి పట్టిన నీటిని ఇదే విధముగ కలుపుకొనవచ్చును. సీసాలలో అమ్ము ఆమ్లములను పోసి పీహెచ్ తగ్గింపజూచుట మాత్రము ప్రమాదకరము. బైకార్బొనేటులు దానిని మరల పైకి లాగును, ఆ ఊగిసలాటకు చేపలు బలియగును.

పరీక్ష సులభము. చిన్న గాజుగొట్టములో 5 మిల్లీలీటర్ల నీరు పోసి, పరీక్షద్రవమును చుక్కచుక్కగ వేయుచు కలుపుచుండగా నారింజరంగు ఒక్కసారిగ ఆకుపచ్చగ మారును. పడిన చుక్కలెన్నియో కాఠిన్యము అన్ని డిగ్రీలు. ఒక డిగ్రీ లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. బోరునుండి అప్పుడే తోడిన నీటిలో ప్రాణవాయువు తక్కువగను, బొగ్గుపులుసు వాయువు అధికముగను ఉండవచ్చును. దానిని ఒక దినము గాలిపంపుతో ఆడించి పిదప వాడుట మంచిది. జలమండలి నీరైనచో క్లోరినును విరుచు మందు వేయవలెను. వేసవిలో తొట్టెనీరు ఆవిరియగును గాని లవణములు ఆవిరి కావు. అద్దముపై నీటిమట్టము వెంబడి ఏర్పడు తెల్లని గీత దానికి సాక్ష్యము. తగ్గినంతవరకు ఆర్‌ఓ నీటితో నింపి, వారమువారము కొంత నీటిని మార్చుచుండవలెను. క్రొత్త చేపను తెచ్చినపుడు అది పెరిగిన నీరెట్టిదో అడిగి, మన నీటిని కొంచెము కొంచెముగ చేర్చి అలవాటు చేయవలెను. ఏ నీటినుండి ఏ నీటికైనను ఆకస్మికముగ మార్చుటయే చేపకు అన్నిటికంటె పెద్ద గండము.

పాఠకులకు నా విన్నప మొక్కటే. ముందు చేపను కొని తరువాత నీటిని మార్చుటకు పెనగులాడక, ముందు మీ నీటిని పరీక్షించి, దానికి తగిన చేపను ఎన్నుకొనుడు. మన బోరునీటిలో హాయిగా బ్రదుకు చేపలు అనేకము గలవు. మూగజీవిని అద్దాలపెట్టెలో బంధించి తెచ్చినవారికి, అది పీల్చు నీటిని ఎరుగుట కనీస ధర్మము.