క్రిస్మస్ నెల - పసిపిల్లల ఇల్లు

డిసెంబరు నెల. తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల పల్లెల్లో వరి కోతల కాలం. తెల్లవారేసరికి చేల మీద మంచు దుప్పటి కప్పినట్టు ఉంటుంది. పొద్దు గుంకేసరికి ఇళ్ల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. ఒక వీధిలో నెలగంట ముగ్గులు, గొబ్బెమ్మలు. పక్క వీధిలో క్రిస్మస్ నక్షత్రాలు. పిల్లలకు వీధుల తేడా తెలియదు. రెండు చోట్లా తిరుగుతారు. రెండు చోట్లా తింటారు.

క్రిస్మస్ అంటే ఒక బిడ్డ పుట్టిన పండగ. పశువుల పాకలో, చలి రాత్రి పుట్టిన బిడ్డ అని చెప్పుకుంటారు. మరి మన ఇంట్లో కూడా చంటిబిడ్డ ఉంటే? ఆ నెలంతా ఇల్లు ఎలా నడుస్తుంది? కోతకు పోవాలి. ఇల్లు అలకాలి. పిండి వంటలు చేయాలి. రాత్రిళ్లు ప్రార్థనలు. ఇంటి నిండా చుట్టాలు. ఈ పనులన్నీ ఎవరి మీద పడతాయో చెప్పాల్సిన పని లేదు. ఈ సందడిలో పసిబిడ్డ సంగతి ఎలా చూసుకోవాలో ఇక్కడ తెలుసుకుందాం.

పండగ ఇక్కడికి ఎలా వచ్చింది?

1842లో హెయ్యర్ అనే ఆయన అమెరికా నుంచి గుంటూరు వచ్చాడు. ఆయన లూథరన్ మిషన్ పాదిరి. ఆ తర్వాత తెనాలి, రేపల్లె వైపు లూథరన్ మిషన్ పని చేసింది. బాపట్ల వైపు బాప్టిస్టు మిషన్ పని చేసింది. చాలా పల్లెల్లో వారం రోజులు బడి, ఆదివారం గుడి ఒకే పాకలో నడిచాయి. ఊరి బడిలోకి రానివ్వని పిల్లలు అక్కడే పలక పట్టారు. అక్షరాలు దిద్దారు.

1883లో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ గుంటూరు వచ్చింది. ఆ రోజుల్లో మగ డాక్టరుకు చూపించుకోవడానికి ఆడవాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. ఇంట్లోవాళ్లు కూడా పంపేవాళ్లు కాదు. కాన్పు కష్టమైతే తల్లీ బిడ్డా ఇంట్లోనే పోయేవాళ్లు. ఆమె కష్టపడి 1898లో ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం ఆసుపత్రి కట్టించింది. కుగ్లర్ ఆసుపత్రి అనే పేరు గుంటూరులో ఇప్పటికీ ఉంది.

కూలి డబ్బు, కొత్త బట్టలు

కోత కూలి చేతికి వచ్చేది ఈ నెలలోనే. అందుకే క్రిస్మస్ బట్టలు కోత డబ్బుతో కొనడం ఇక్కడ అలవాటు. కానీ ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి. పది మంది రోజంతా కోసే చేను మిషను కాసేపట్లో కోసి పోతుంది. కూలి తగ్గింది. పండగ ఖర్చు మాత్రం తగ్గలేదు.

అప్పుడు ఏం చేస్తారు? అప్పు చేస్తారు. నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీకి అయిదు వేలు తెచ్చారనుకోండి. నెలకు వడ్డీ 250 రూపాయలు. ఏడాదికి 3,000 రూపాయలు. మళ్లీ క్రిస్మస్ వచ్చేసరికి మూడు వేలు వడ్డీ కట్టి ఉంటారు. అసలు అయిదు వేలు అలాగే ఉంటుంది! పిల్లదాని గౌను ఈలోపు చిరిగి మూలన పడి ఉంటుంది.

దీనికి బదులు పొదుపు సంఘంలోనో, డబ్బాలోనో వారానికి 20 రూపాయలు వేస్తే 50 వారాలకు 1,000 రూపాయలు అవుతాయి. వెయ్యికి అన్నీ రావు. నిజమే. ఇద్దరు చిన్నపిల్లల బట్టలకు మాత్రం అక్కరకు వస్తాయి. పిల్లలు ఏడాదిలో ఎదుగుతారు. కాస్త పెద్ద సైజు కొని, కింద మడత కుట్టించుకుంటే వచ్చే ఏడు మడత విప్పుకోవచ్చు.

ఆడపిల్లలు నెట్టు గౌను కావాలని ఏడుస్తారు. దుకాణాల్లో అవే తళతళలాడుతూ ఉంటాయి. కానీ నెట్టు, నైలాను బట్టకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. కరిగి ఒంటికి పట్టుకుంటుంది. క్రిస్మస్ ముందు రాత్రి గుడిలో అందరి చేతుల్లో కొవ్వొత్తులు వెలుగుతాయి. పక్కన నిలబడిన వాళ్ల కొవ్వొత్తి పిల్ల గౌను ఎత్తులోనే ఉంటుంది. పిల్లలకు నూలు బట్టే మేలు. నెట్టు గౌను కొనక తప్పకపోతే పగటి ఆరాధనకు వేయండి.

పొయ్యి దగ్గర

అరిసెలు, కజ్జికాయలు, చక్రాలు లేకుండా పండగ లేదు. పెద్ద మూకుడు. మరిగే నూనె. నలుగురు ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ చేస్తారు. అదే సమయంలో నడక నేర్చిన పిల్లవాడు అరిసె కోసం వస్తాడు. నేల మీది పొయ్యి వాడి చేతికి అందుతుంది. అందుకని వంట చేసే పూట పిల్లల్ని చూడటమే ఒకరి పనిగా పెట్టుకోవాలి. తాతకో, నాన్నకో ఆ పని అప్పజెప్పండి. వాళ్లు చేయలేని పనేం కాదు.

ఒకవేళ కాలితే వెంటనే చల్లని మంచినీళ్లు కాలిన చోట ధారగా పోయాలి. ఒకటి రెండు చెంబులు చాలవు. ఇరవై నిమిషాల పాటు పోయాలి. మిగతా ఒళ్లు తడవకుండా గుడ్డ కప్పి వెచ్చగా ఉంచాలి. సిరా, పేస్టు, నూనె, పసుపు రాయకూడదు. బొబ్బలు చిదమకూడదు. తర్వాత శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

వాక్యం నేర్పడం

క్రిస్మస్ కార్యక్రమంలో పిల్లలు నాటకం వేస్తారు. ఒకడు గొల్లవాడు. ఇంకొకడు జ్ఞాని. తెల్ల గౌను వేసిన పిల్ల దేవదూత. నాలుగేళ్ల పిల్లలు కూడా ఒక వాక్యం కంఠతా పట్టి అందరి ముందూ చెప్పాలి. కాగితం మీద వాక్యం రాసి ఇంటికి పంపుతారు.

ఇదివరకు ఆ కాగితం పట్టుకుని తల్లి పక్కింటికి వెళ్లేది. "కాస్త చదివి పెట్టమ్మా" అని అడిగేది. ఇప్పుడు చదవడం నేర్చిన తల్లి తనే కూడబలుక్కుని చదువుతుంది. పిల్ల వెనకే చెబుతుంది. తల్లికి ఒత్తు దగ్గర తడబాటు వస్తే పిల్లకూ అక్కడే వస్తుంది. అయినా ఫరవాలేదు. రోజూ పడుకునే ముందు రెండుసార్లు చదివితే వారంలో ఇద్దరికీ వస్తుంది. వేదిక ఎక్కాక పిల్ల మర్చిపోతే కొట్టకండి, తిట్టకండి. అంత జనాన్ని చూసి పెద్దవాళ్లే మర్చిపోతారు.

క్రిస్మస్ తాతను చూసి కొందరు పిల్లలు జడుసుకుంటారు. ఎర్ర బట్టలు, తెల్ల గడ్డం, అట్ట ముఖం. పసివాడు కెవ్వుమంటాడు. పెద్దలు నవ్వుతూ వాణ్ణి తాత చేతికి ఇస్తారు. ఇది మంచి పని కాదు. ముందు దూరం నుంచి చూపించాలి. వాడికి ఇష్టమైతే దగ్గరికి పోతాడు. లేకపోతే వచ్చే ఏడు చూద్దాం.

రాత్రి పాటలు, చలి, దగ్గు

నెల మొదటి నుంచీ సెమీ క్రిస్మస్ అంటారు. తర్వాత పాటల బృందాలు రాత్రిళ్లు ఇంటింటికీ తిరుగుతాయి. డోలకు, తాళాలు, ఇప్పుడు మైకులు కూడా. అర్ధరాత్రి దాటాక గుమ్మం ముందు పాట మొదలవుతుంది. పెద్ద పిల్లలు నిద్ర కళ్లతో లేచి బృందం వెంట పోతారు. 24 రాత్రి, 31 రాత్రి ఆరాధనలు ఎటూ ఉంటాయి.

ఈ రోజుల్లోనే పిల్లలకు జలుబు, దగ్గు ఎక్కువ. ఎందుకు? చలి వల్లే అనుకుంటాం. చలి ఒక్కటే కారణం కాదు. జలుబు, దగ్గు మనిషి నుంచి మనిషికి అంటుకుంటాయి. ఈ నెలలో అందరం గుంపుగా కూడతాం. చలికి తలుపులు మూసుకుని పడుకుంటాం. కట్టెల పొయ్యి పొగ ఇంట్లోనే తిరుగుతుంది. నూర్పిడి దుమ్ము ఉండనే ఉంటుంది. వచ్చిన చుట్టాలందరూ చంటిబిడ్డను ఎత్తుకుని ముద్దులు పెడతారు. దగ్గు ఉన్నవాళ్లు బిడ్డను ఎత్తుకోకూడదు. ఈ మాట అత్తగారి వైపు చుట్టానికి చెప్పడం కష్టమే. అయినా చెప్పాలి. "డాక్టరు వద్దన్నాడు వదినా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

పాటల బృందం మన పేట కుర్రాళ్లే. "మా ఇంట్లో పసిబిడ్డ ఉంది, పెందలాడే వచ్చి పాడి పోండి" అని ముందే చెప్పుకోవచ్చు. రెండు మూడు నెలల బిడ్డను అర్ధరాత్రి ఆరాధనకు తీసుకుపోవాల్సిన పని లేదు. రాత్రి తండ్రి వెళితే పగలు తల్లి వెళ్లొచ్చు. రాత్రి తల్లి వెళ్లాలనుకుంటే తండ్రి ఇంట్లో ఉండొచ్చు. బిడ్డ పాల వేళ చూసుకోవాలి. అంతే.

జలుబు వచ్చిన పిల్లలందరికీ మందు అక్కర్లేదు. తల్లిపాలు ఆపకూడదు. తలకు టోపీ పెట్టి, తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టాలి. సాంబ్రాణి పొగ వేయకూడదు. ఆ పొగ బిడ్డ ఊపిరికి చెరుపు. కర్పూరం కలిపిన నూనెలు, జలుబు బామ్‌లు రెండేళ్లలోపు పిల్లలకు రాయకూడదు. ముక్కులో నూనె పోయకూడదు.

అయితే మామూలు దగ్గు ఏదో, ప్రమాదమైన నిమోనియా ఏదో ఎలా తెలుస్తుంది? దీనికి డాక్టరే కానక్కర్లేదు. అంకెలు లెక్కపెట్టడం వస్తే చాలు.

బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీయండి. పొట్ట పైకి లేచి కిందికి దిగితే ఒక ఊపిరి. గడియారమో, సెల్ ఫోనో పక్కన పెట్టుకోండి. నిండా ఒక నిమిషం పాటు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఇంకోసారి లెక్కపెట్టండి. మళ్లీ అలాగే వస్తే ప్రమాదం. రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకు 50 గానీ ఎక్కువ గానీ ఉంటే ప్రమాదం. ఏడాది నిండి అయిదేళ్ల లోపు పిల్లలకు 40 గానీ ఎక్కువ గానీ ఉంటే ప్రమాదం. 60, 50, 40. ఈ మూడు అంకెలు గోడ మీద సుద్దముక్కతో రాసి పెట్టుకోండి.

ఊపిరి తీసేటప్పుడు డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, పెదవులు నీలం తిరిగినా ఇంక లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకూడదు. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా అంతే. పండగ రోజైనా, అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేయాలి. "ఆరాధన అయ్యాక చూద్దాం", "చుట్టాలు పోయాక చూద్దాం" అనుకుంటేనే బిడ్డ చేయి దాటిపోతుంది. తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు చోట్లా ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి.

నిమోనియా రాకుండా టీకా కూడా ఉంది. పి.సి.వి. అంటారు. 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. ఆరు వారాలకు ఒకటి, పద్నాలుగు వారాలకు ఒకటి, తొమ్మిది నెలలకు ఒకటి. బిడ్డ టీకాల కార్డు తీసి చూడండి. ఆ గడిలో తేదీ వేసి ఉందా? లేకపోతే ఏఎన్ఎంను గానీ, ఆశా కార్యకర్తను గానీ అడగండి.

సంతలో, సముద్రం ఒడ్డున

పండగ ముందు ఆదివారం తెనాలి బజారు కిటకిటలాడుతుంది. రేపల్లె రైలు నుంచి, పల్లె బస్సుల నుంచి జనం దిగుతూనే ఉంటారు. చంకన ఒకడు, చేతిలో సంచి, కొంగు పట్టుకుని ఇంకొకడు. కొంగు వదిలితే పిల్లవాడు జనంలో కలిసిపోతాడు. ఒక చిన్న కాగితం మీద తల్లి పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి వాడి జేబులో పెట్టండి. మీ చేతి రాత చాలు. ఇంటి పేరు, తల్లి పేరు వాడికి నోటికి కూడా నేర్పండి. తప్పిపోయిన పిల్లల కోసం 1098 అనే నంబరు ఉంది. డబ్బు పడదు.

పండగ మర్నాడు చాలామంది బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రానికి పోతారు. పిల్లలకు ఇసుక, అలలు ఎంతో ఇష్టం. మోకాళ్ల లోతే కదా అనుకుంటాం. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. పసివాళ్లు నిలవలేరు. చేయి వదలకూడదు.

2004లో క్రిస్మస్ శనివారం వచ్చింది. మర్నాడు, డిసెంబరు 26 ఆదివారం పొద్దున్న సునామీ వచ్చింది. ఇండోనేషియా దగ్గర సముద్రం అడుగున భూమి కంపించింది. కొన్ని గంటల్లో ఆ అలలు మన కోస్తాను తాకాయి. మన రాష్ట్రంలో వంద మందికి పైగా చనిపోయారు. అప్పుడు ముందుగా చెప్పేవాళ్లు లేరు. 2007 నుంచి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం పని చేస్తోంది. అయినా ఒక గుర్తు తెలిసి ఉండాలి. సముద్రం ఉన్నట్టుండి చాలా దూరం వెనక్కి పోతే గవ్వలు ఏరుకోవడానికి ముందుకు పోకూడదు. పిల్లల్ని ఎత్తుకుని గట్టు వైపు, ఎత్తు వైపు పరుగెత్తాలి.

నక్షత్రం దించేటప్పుడు

కొత్త సంవత్సరం అయ్యాక ఇంటి మీద నక్షత్రం దించుతారు. మంచుకు తడిసి కాగితం చిరిగి ఉంటుంది. దించే ముందు కరెంటు స్విచ్చి ఆపాలి. తడి తీగను పిల్లలు ముట్టుకోకూడదు. చిరిగిన కాగితం తీసేయండి. వెదురు బద్దలు పారేయకండి. కట్ట కట్టి అటక మీద పెడితే వచ్చే డిసెంబరుకు రంగు కాగితం ఒక్కటే కొనాలి. అప్పటికి ఇప్పుడు చంకన ఉన్నవాడు బంక పూసి ఇచ్చేంత అవుతాడు.